రోడ్డు దాటిన అక్షరాలు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే జ్ఞానసుందరి కంప్యూటర్ స్విచ్ వేస్తుంది. వేసి, దాని మొహం చూడకుండా బయటికొచ్చి అసిరమ్మ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చుంటుంది. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళు ఆనించి టీలు తాగి వెళ్ళిపోతారు. బడి ఆటోలు వెళ్ళిపోతాయి. అసిరమ్మ రెండో వాయి పాలు పొయ్యి మీద పెడుతుంది. అప్పుడు లేచి లోపలికి వెళ్తే, తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

"లేసిందా అమ్మా?" అని అడుగుతుంది అసిరమ్మ, ఇంట్లో రోగి గురించి అడిగినట్టు.

"లెగలేదు."

గరివిడి మెయిన్ రోడ్డులో ఆమెది పాత డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, పెద్దకర్మ కార్డులు, ఇంటి అగ్రిమెంట్లు, గుడిలో పాడే పాటల పుస్తకాలు అన్నీ ఆమె చేతి మీదుగా పోవలసిందే. ఒకప్పుడు పినతల్లి కొడుకు ఇమ్మానుయేలు కూడా భాగం కలిశాడు. పని నేర్చుకున్నాడు. ఒక ఆదివారం ఆమె ఆరాధనకి వెళ్ళిన వేళ మంచి మిషనూ, మంచి గిరాకీలూ పట్టుకుని విజయనగరం వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ ఎవరైనా తన వంక చూసి నవ్వితే, జ్ఞానసుందరి వాళ్ళ చేతుల వంక చూస్తుంది.

ఆ సంవత్సరం వాళ్ళ బాప్టిస్టు సంఘానికి వందేళ్ళ పండగ. పండగ పుస్తకం కొట్టే పని పాస్టరు సుందరరావు గారు ఆమెకే ఇచ్చారు. పుస్తకం సగానికి వచ్చేసరికి మిషను మొండికేసింది. ఒక పేజీ పూర్తయ్యే వేళకి తనంతట తనే ఆగిపోయి, మళ్ళీ మొదలై, ఆ పేజీని మింగేసేది. ఈ విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావనీ, కొత్తది ఎక్కించడానికి ఈ మిషను పనికిరాదనీ తెర మీద రోజూ ఒక చీటీ పడేది. కొత్త మిషను కొనే స్తోమత లేదు. పాతదాన్ని నమ్మే ధైర్యమూ లేదు.

సరిగ్గా అప్పుడు తిరుమలరావు రోడ్డు దాటి వచ్చాడు.

తిరుమలరావుది ఎదురుగా ఉన్న ఫ్లెక్స్ షాపు. రెండేళ్ళ కిందట పర్లాకిమిడి అవతలనుంచి వచ్చి పెట్టాడు. వస్తూనే ఆమె గిరాకీల్లో సగం లాక్కున్నాడు. ఇన్నాళ్ళూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

"అక్కా, నీ సిస్టం ఇసిగిస్తన్నాదని అసిరమ్మ సెప్పింది," అన్నాడు, చెప్పులు బయటే విడిచి. "నాదీ అలగే ఇసిగించింది. ఆ విండోస్ పీకీసి లినక్స్ ఎక్కించాను. ఇప్పుడు గుర్రంలాగ పరిగెడతన్నాది. నాకాడ పాత సీపీయూ ఒకటున్నాది. దాన్లో ఎక్కించి తెచ్చి నీ పక్కనెట్టీనా?"

"ఎంతేటి?"

"ఏటొద్దక్కా. ఆ సాఫ్ట్‌వేరు ఊరికే వస్తాది. ఎవులికైనా ఇవ్వొచ్చు."

జ్ఞానసుందరి అతని చేతుల వంక చూసింది. ఖాళీగా ఉన్నాయి. అది చూసి ఆమెకి ఇంకా భయం వేసింది.

"ఆలోసించి సెప్తాను," అంది.

ఆ సాయంత్రం అసిరమ్మ దగ్గర కూర్చుని అంతా విప్పింది. "ఊరికే ఇచ్చినోడు ఊరుకుంటాడేటే? పండగ పుస్తకం నా సేతిలో ఉన్నాదని ఆడికి తెలుసు. అది పాడైపోతే పని ఎవుడికి పోతాది? ఆడికే."

"మరి ఒద్దనెయ్."

"ఒద్దంటే ఈ ముండమోసిన మిషను నన్ను బతకనిస్తాదా?"

మర్నాడు మిషను ఇంకో రెండు పేజీలు మింగింది. జ్ఞానసుందరి గుమ్మంలో నిలబడి, ఎవరో తన చెయ్యి మెలిపెడుతున్నట్టు మొహం పెట్టి, రోడ్డవతలికి రమ్మని సైగ చేసింది.

తిరుమలరావు సీపీయూ తెచ్చి పక్కన పెట్టాడు, వైర్లు తగిలించాడు. తెర చిటికెలో వెలిగింది. ఆ వేగం కూడా ఆమెకి నచ్చలేదు. మోసం చేసేవాళ్ళెప్పుడూ వేగంగానే చేస్తారు.

ఇక అక్షరాలు రావాలి. పాత సిస్టంలో కొట్టిన తెలుగుని ఫైలుగా పంపిస్తే కొత్తదాంట్లో పిచ్చిగీతలై పడుతుంది. అక్షరాలు నడిచి వెళ్ళాల్సిందేనని ఊళ్ళో అందరికీ తెలుసు. నిరుడు బ్యాంకు వాళ్ళు సిస్టం మార్చినప్పుడు మెయిన్ రోడ్డులో ఒక పూటంతా ఆటోలు ఆగిపోయాయి.

రెండో రోజు ఎండ ఎక్కాక కీబోర్డు సందుల్లోంచి అక్షరాలు దిగడం మొదలుపెట్టాయి. చీమలంతవి, నల్లవి. పెళ్ళికార్డుల హెడ్డింగులవైతే పేడపురుగులంత ఉన్నాయి. తలకట్లు, గుళ్ళు బుట్టల్లా నెత్తినెత్తుకుని, వత్తులు తల్లి కాళ్ళు పట్టుకుని వేలాడే పిల్లల్లా ఈడ్చుకుంటూ, పక్కన సున్నాలు దొర్లుకుంటూ, అన్నీ బల్ల అంచు వెంబడి వరసకట్టాయి. అగ్రిమెంటు కోసం వచ్చిన కానిస్టేబులు కాలు ఎత్తి వాటిని దాటి, కుర్చీలో కూర్చుని, స్టాంపు పేపర్లు బయటికి తీశాడు. జ్ఞానసుందరి ఒక కన్ను అగ్రిమెంటు మీద, ఒక కన్ను వరస మీద పెట్టి కూర్చుంది.

అక్షరాలు తిరుమలరావు తెచ్చిన సీపీయూలోకి చేరాయి. పుస్తకం తెరిస్తే పేజీలన్నీ సరిగ్గా కనబడ్డాయి. మర్నాడు పొద్దెక్కాక ఆమె ఒక ప్రూఫు తీసి, చూసుకోకుండానే పాస్టరు గారికి పంపింది.

గంటలో ఆయనే నడిచి వచ్చారు.

"వందనాలు అయ్యగారూ."

"వందనాలమ్మా. సుందరీ, ఇదేటమ్మా, ప్రార్థనలన్నీ 'మెన్' అని ముగుస్తన్నాయి?"

చూసింది. 'ఆ' లేదు. 'అ' కూడా లేదు. అచ్చులు ఒక్కటీ లేవు. పుస్తకం నిండా పళ్ళు ఊడినట్టు సందులు. సాయంత్రానికి అవి మళ్ళీ వచ్చేసి తమ చోట్లలో కూర్చున్నాయి. కాని ఆ మరునాడు 'క' వరస పోయింది. కీర్తనలన్నీ 'ర్తనలు' అయ్యాయి. ఆ తరవాత 'చ' వరస. పొద్దెక్కాక పోవడం, పొద్దువాలేవేళకి రావడం.

దొంగతనమే. అందులో అనుమానం లేదు. కాని దొంగకి వరసెందుకు? ఇమ్మానుయేలు పట్టుకుపోయినప్పుడు చేతికందింది పట్టుకుపోయాడు. వీడెవడో బడిపిల్లాడిలా ఒక్కొక్క వరసా ఎత్తుతున్నాడు.

ఆ రోజు ఆమె స్టాంపు ప్యాడు సిరా గుడ్డ మీద ఒంపి, గుమ్మం దగ్గర పరిచి, అసిరమ్మ బడ్డీ వెనక నిలబడింది. మధ్యాహ్నం అవుతుండగా 'ట' వరస బయటికొచ్చింది. గుడ్డ మీదుగా నడిచి, ఊదారంగు కాళ్ళతో రోడ్డెక్కింది. బొగ్గులారీ ఒకటి వస్తూ వస్తూ ఆగింది. డ్రైవరు హారన్ కొట్టకుండా బీడీ వెలిగించుకున్నాడు. అక్షరాలు దాటాయి. ఊదారంగు జాడ తిన్నగా వెళ్ళి తిరుమలరావు షాపు పక్క సందులోకి తిరిగింది.

"సూసావా!" అంది జ్ఞానసుందరి. తన అనుమానం నిజమైనందుకు ఆమెకి ఒక క్షణం సంతోషమే వేసింది.

పక్క తలుపు తోసింది. లోపల ఫ్లెక్స్ మిషను వెనకాల, చుట్టల మధ్య, తిరుమలరావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని ముందు గచ్చు మీద అక్షరాలు ఎడంఎడంగా నిలబడి ఉన్నాయి. అతను ఒక్కొక్కదాని మీదా వేలు ఆడిస్తూ, పెదవులు కదుపుతూ, "ట... ఠ... డ..." అంటున్నాడు. 'ఢ' దగ్గర ఆగిపోయాడు. ఆ అక్షరం కాస్త ముందుకి జరిగి, మళ్ళీ నిలబడింది.

"దొంగ ఎదవా!" అంది ఆమె.

తిరుమలరావు లేవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాను ఎత్తుకు రాలేదక్కా. అయ్యే వస్తన్నాయి."

"ఎందుకొస్తాయిరా? బెల్లం ఎట్టావా?"

"నాకు తెలుగు సదవడం రాదు."

ఆమెకి అర్థం కాలేదు. రెండేళ్ళుగా ఊరంతా వీడు కట్టిన ఫ్లెక్సులే.

"మాది ఒడిశా వైపు. ఇంట్లో తెలుగే గాని, బడిలో ఒరియా సదివాను. షాపెట్టినప్పుడు పనికో గుంట ఉండేది, తాయారని, అంతా ఆవిడే కొట్టేది. పెళ్ళయి ఎల్లిపోయింది. అప్పటినుంచీ వాట్సాప్‌లో పంపింది పంపినట్టు అతికిస్తన్నాను. ఆకారం సూసి గుర్తెట్టుకుంటాను."

"సోములు ఇంటి ఫ్లెక్సు..."

"అదీ అంతే."

ఆమధ్య పక్కవీధి సోములు కొత్త ఇంట్లో దిగిన రోజు, గుమ్మం మీద కొడుకూ కోడళ్ళ ఫొటోల పైన 'శుభాకాంక్షలు' ఉండవలసినచోట 'శ్రద్ధాంజలి' ఉంది. సోములు అందరి ముందూ తిరుమలరావుని చెంప మీద కొట్టాడు. కంప్యూటర్ తప్పు చేసిందని తిరుమలరావు ఊరంతా చెప్పుకున్నాడు. ఊరు నమ్మింది. కంప్యూటర్ల సంగతి అందరికీ తెలిసిందే కదా.

"అందుకే సిస్టం మార్సీసాను. తప్పు దాని మీదకి తోసీసాక, మార్సకపోతే ఎవులు నమ్ముతారు? కాని మార్సినప్పుడు నా షాపులో అక్షరం ఒక్కటీ నిలవలేదక్కా. అన్నీ ఎవులెవులో కొట్టినయ్యే. ఎవులివి ఆలకాడికి ఎల్లిపోయాయి." గచ్చు వంక చూస్తూ చెప్పాడు. "నీయి కదిలితే నా గుమ్మం ముందునుంచి పోతాయేమో, దగ్గిరగా ఓసారి సూద్దామనుకున్నాను. అందుకే ఊరికే ఇచ్చాను."

"అయితే ఊరికే కాదన్నమాట."

"కాదు."

ఆ మాట విని ఆమె గుండె కాస్త నిమ్మళించింది. ఊరికే ఇచ్చేవాడంటేనే ఆమెకి భయం.

"ఎవులికీ సెప్పకక్కా. నెలాఖరుకి షాపు ఖాళీ సేసెస్తానని గది ఓనరు జగన్నాధం బాబుకి సెప్పీసాను. రాయగడలో మా అన్నకి కిరాణా కొట్టున్నాది. అక్కడ పొట్లాలు కట్టుకుంటాను."

జ్ఞానసుందరి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి అక్షరాల మధ్యనుంచి బయటికి వచ్చేసింది. ఒక్క మాట చాలు. అసిరమ్మ చెవిలో వేస్తే పొద్దువాలేసరికి గిరాకీలన్నీ ఇవతలికి వచ్చేస్తాయి. ఆ మాట నాలుక చివరికొచ్చింది. అసిరమ్మ కూడా, "ఏటమ్మా సంగతి?" అని అడిగింది.

"ఏటీ లేదు. ఎండకి తిరుగుతన్నాయి," అంది.

కాని అతన్ని నమ్మలేదు. రాత్రి వెళ్ళేముందు షట్టర్ కింద సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. మర్నాడంతా తలుపు మూసి కూర్చుంది. అక్షరాలు బయటికొచ్చి గుమ్మం దగ్గర గుట్టగా పడ్డాయి. 'త' వరస ముందు, దాని వెనక మిగతావన్నీ. పాత మిషనులోకి పోవు, కొత్తదాంట్లోకి పోవు. పుస్తకం తెరిస్తే తెల్లకాగితాలు. మధ్యాహ్నానికి గుట్ట మోకాలెత్తు అయింది. చీపురుతో తోసి చూసింది. చీపురు పట్టుకుని పైకి ఎక్కి, ఆమె చేతి దాకా వచ్చి, అక్కడే ఆగాయి. కరవలేదు. ఊరికే చూస్తున్నట్టు ఉన్నాయి.

"సరే, పదండి," అంది విసుగ్గా. "నానూ వస్తాను. ఆడు మీలో ఒక్కదాన్ని దాసుకున్నా నాకు తెలిసిపోతాది."

ఆమె ముందు, అక్షరాలు వెనక. తిరుమలరావు ఆమెని చూసి బెదిరిపోయాడు.

"నీ మీద నమ్మకం లేదు. అందుకే కూకుంటన్నాను," అని స్టూలు లాక్కుంది. "నీ పని నువ్వు సూసుకో."

"త... థ... ద... ద..."

"ద కాదు. ధ. కడుపులోంచి అను."

"ధ."

"అమ్మయ్య. ఇప్పుడు వత్తెట్టి సూడు."

ఆ తరవాత రోజూ మధ్యాహ్నం ఆమె కాపలాకి వెళ్ళింది. తను నేర్పుతున్నానని ఎవరితోనూ అనలేదు, తనతో తను కూడా అనుకోలేదు. కాపలా కాసే మనిషి తప్పు వింటే ఊరుకోలేదు కదా. అతను గుణింతాలకి వచ్చేసరికి, సాయంత్రాలు అక్షరాలన్నీ కొత్త సిస్టంలో తిన్నగా కూర్చుని పుస్తకం కూడా ముందుకి నడిచింది. ఒక్క పేజీ కూడా పోలేదు. పాత మిషను స్విచ్ వెయ్యడం ఆమె ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

పండగ పుస్తకం అచ్చుకి వెళ్ళిన రోజు తిరుమలరావు అసిరమ్మ బడ్డీ దగ్గరికి టీకి వచ్చాడు. జ్ఞానసుందరి, పాస్టరు గారు అక్కడే ఉన్నారు. అతను గ్లాసు పట్టుకుని, కనబడిందల్లా మెల్లగా చదవసాగాడు. బస్సు మీద 'చీపురుపల్లి' అన్నాడు. గోడ మీద 'ఇచ్చట నోటీసులు అంటించరాదు' అన్నాడు. చదువుతూ చదువుతూ తన షాపు వంక తిరిగి, తల పైకెత్తి, బోర్డు దగ్గర ఆగాడు. షాపు పెట్టిన కొత్తలో విజయనగరంలో ఎవరిచేతో రాయించి తెచ్చుకున్న బోర్డది.

"తి... ర... మ... ల."

మళ్ళీ చదివాడు. 'ర'కి కొమ్ము లేదు.

అసిరమ్మ పోస్తున్న టీ ఆపేసింది. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. తిరుమలరావు అందరి మొహాలూ చూశాడు. ఆ తప్పు ఊరందరికీ ముందే తెలుసని అతనికి అర్థమైంది.

"అక్కా, నీకూ తెలుసా?"

"బోర్డు కట్టిన రోజే సూసాను."

"మరి సెప్పలేదేటి?"

జ్ఞానసుందరి బోర్డు వంక చూసింది. ఇన్నాళ్ళూ పొద్దున్నే ఆ బోర్డు చూసి తను ఎంత సుఖంగా టీ తాగిందో గుర్తొచ్చి, తల దించుకుంది. అప్పుడు ఆమె కాలివేలి మీద ఏదో పాకింది. ఒక కొమ్ము. ఏ అక్షరమూ తోడు లేకుండా, ఒంటరిగా తన షాపు వైపునుంచి రోడ్డు దాటి వస్తోంది.

"నిన్నెవులు పంపారే?" అని దాన్ని అనుమానంగా వేలి మీదికి ఎక్కించుకుంది. అది వంకర తిరిగి, గోరు పట్టుకుని నిలబడింది. ఆమె రోడ్డు దాటి, అతని షాపులోంచి నిచ్చెన తెచ్చి బోర్డుకి ఆనించి, వేలు వెనకే వచ్చిన తిరుమలరావు ముందు చాపింది.

"ఎక్కు. నాను పట్టుకుంటాను."

అతను ఎక్కి కొమ్ముని 'ర' పక్కన ఆనించాడు. అది కాస్త కిందికి జారి, సర్దుకుని, అతుక్కుపోయింది. అతను అక్కడే నిలబడి వేలితో మొత్తం పేరు తడిమాడు. తరవాత, నిచ్చెన దిగకుండానే, పక్క అరుగు మీద పేపరు చదువుకుంటున్న ఇంటాయన్ని కేకేశాడు.

"జగన్నాధం బాబూ! గది ఎవులికైనా మాటిచ్చీసారేటి? ఎవులికీ ఇచ్చీకండి. నానుంటాను."