ఇరవై ఆరు మిల్లీసెకన్లు

మా మేనేజర్‌ని వెనకాల అందరూ రెట్ల సార్ అంటారు. ఆయన నోట ఏ మాట వచ్చినా పది రెట్లు, వంద రెట్లు అనే వస్తుంది. ఆరోజు మాత్రం తన రికార్డు తానే బద్దలుకొట్టాడు. "కొత్త చిప్పు పాతదానికంటే నలభై వేల రెట్లు స్పీడు!" అని మీటింగులో బల్ల గుద్ది మరీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

మేం తయారుచేసేది కాగితాలు కోసే మెషీన్లకు రక్షణ బోర్డులు. కత్తి ముందు ఒక కాంతిరేఖ ఉంటుంది. చెయ్యి దానికి అడ్డం వచ్చిందా, బోర్డు మీదున్న గోరంత మైక్రోకంట్రోలర్ చిప్పు పది మిల్లీసెకన్లలోపు కత్తిని ఆపమనాలి. ఆలస్యమైతే వేళ్లుండవు. కొత్త చిప్పు బోర్డులు ఎనిమిది అప్పటికే ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ట్రయల్‌కి బిగించేశారు. అందులో ఒక మెషీన్ మీద పనిచేసేది మా అన్నయ్య.

రెట్ల సార్ రాసిన పరీక్ష ప్రోగ్రాం తెరిచి చూశాను. రెండు చిప్పుల్నీ ఒకటి నుంచి పది లక్షల దాకా లెక్కపెట్టమన్నాడు, అంతే. ఆ లెక్కతో తర్వాత చేసేదేమీ లేదు. ప్రోగ్రాంని కొత్త చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ ఆయనకంటే తెలివైంది. ఎవరికీ అక్కర్లేని లెక్క నాకెందుకని మొత్తం తీసిపారేసింది.

"సార్, అది అసలు లెక్కే పెట్టలేదు. చెయ్యని పనికి స్పీడేంటి?" అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "అంత తెలిసినదానివి నువ్వే కొలిచి చూపించు."

కొలిచాను. చిల్లుల చక్రం ఒకటి తిప్పుతూ కాంతికి పదివేలసార్లు అడ్డం పెట్టించి, ఆపమనే ఆదేశం ఎంతసేపటికి వస్తోందో, సమయాన్ని గీతలుగా చూపే ఆసిలోస్కోపు తెర మీద చూశాను. పాత చిప్పు నత్తనడక. ఏడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కానీ ఎప్పుడు కొలిచినా ఏడే. కొత్తది ఒక్క మిల్లీసెకనులో చెప్పేస్తోంది. నాకే ముచ్చటేసింది. ఇంతలో ఒక గీత ఉన్నట్టుండి తెర చివరికంటా వెళ్లిపోయింది. ఇరవై ఆరు! వైరు సరిగ్గా తగిలించలేదేమోనని నన్ను నేనే తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే. పదివేలల్లో మూడుసార్లు వచ్చింది. కారణం సాయంత్రానికి దొరికింది. కొత్త చిప్పు ఎన్ని కోతలయ్యాయో అప్పుడప్పుడూ తన మెమరీలో రాసుకుంటుంది. రాసుకునేంతసేపూ ఇంకో పని పట్టించుకోదు. రెట్ల సార్‌కి అప్పుడే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే రెట్ల సార్ టెస్టు కాగితం నా ముందు పెట్టాడు. "సగటు ఎంతొచ్చింది?"

"ఒకటి మీద కాస్త."

"అదే రాసి సంతకం పెట్టు. ఆ మిగతాది తర్వాతి వెర్షన్‌లో చూసుకుందాం."

"చెయ్యి సగటున తెగదు సార్."

ఆయన లేచి తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు. "మీ అన్నయ్య పనిచేసేది ఆ ప్రెస్సులోనే కదమ్మా? ఆయన మెషీన్‌కి ఇవాళే పాత బోర్డు వేయించేస్తాను. మూడో కంటికి తెలియదు."

నిజం చెప్తున్నాను, ఆ మాటకు నా ప్రాణం కుదుటపడింది. ఒక్క క్షణమే. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మిగతా ఏడుగురూ చేసిన పాపమేమిటి, వాళ్ల చెల్లెళ్లు ఇక్కడ పనిచెయ్యకపోవడమా?

కాగితం మీద సమయం గడిలో ఇరవై ఆరు అని రాశాను. కింద 'ఫెయిల్' అని రాసి సంతకం పెట్టాను. ఆయన చూస్తుండగానే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, అన్నయ్యకి కలిపాను. అటువైపు కత్తుల దడదడ.

"ఏంటే, పనిలో ఉన్నాను."

"అన్నయ్యా, మెషీన్ ఆపెయ్. కొత్త బోర్డు నమ్మడానికి లేదు."

"వారం నుంచీ బాగానే ఉందిగా?"

"బాగానే ఉంటుంది. మూడువేలసార్లు బాగానే ఉండి, ఆ తర్వాత ఒక్కసారి నీ చేతిని పట్టించుకోదు."

"నాదొక్కటేనా?"

"ఎనిమిదీ."

"ఆపండి! అందరూ ఆపండి!" అన్నయ్య అరుపు గదంతా మోగింది.

రెట్ల సార్ ఫోన్ లాక్కోబోయాడు. వెనక్కి లాగేసుకున్నాను. "ఇవాళ్టితో నీ ఉద్యోగం సరి!" అన్నాడు.

"ఉద్యోగం ఇంకోటి వెతుక్కుంటాను సార్. వేళ్లు వాళ్లెక్కడ వెతుక్కుంటారు?"

అటువైపు చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గుతోంది. ఒకటి మాత్రం మొండిగా నడుస్తూనే ఉంది. అన్నయ్య ఎవరినో గట్టిగా కసురుకోవడం వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"అన్నీ ఆగాయే," అన్నాడు ఆయాసపడుతూ. "ఎవరు ఆపమన్నారని మా వాళ్లూ అడుగుతారు, మీ వాళ్లూ అడుగుతారు. ఏం చెప్పను?"

రెట్ల సార్ కళ్లలోకి చూస్తూ అన్నాను.

"నా పేరు చెప్పు."