నెమలికంఠం రంగు చొక్కా

చర్చిలో నాటిక తెర పక్కన నిలబడ్డ ఝాన్సీ టీచరు ఉలిక్కిపడింది. స్టెల్లా ఒంటి మీద ఉన్నది ప్రభాకరరావు చొక్కా! మస్కట్ నుంచి తెచ్చుకున్న నెమలికంఠం రంగుది. రాజోలు చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. ప్రభాకరరావంటే స్టెల్లా మొగుడు, సంఘ పెద్ద. చర్చిలో మొదటి వరసలోనే కూర్చుని ఉన్నాడు. ఇంట్లో అతని చెయ్యి ఎలా లేస్తుందో ఊరందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం, ఒక్కరైనా నోరు విప్పితేగా!

తప్పంతా తనదే. స్త్రీల సమాజం నాటికలో మగ వేషాలు కూడా ఆడవాళ్ళే వేస్తారు, బట్టలు ఎవరింటి నుంచి వాళ్ళే తెచ్చుకుంటారు. ఈసారి ఝాన్సీ ఫిన్లాండు రచయిత్రి ఒకావిడ గురించి చదివింది. మొగుడు పోయాక ఏడుగురు పిల్లల్ని పెట్టుకుని, బట్టల కొట్టు నడుపుతూ నాటకాలు రాసిన మనిషి. పెళ్ళాం కష్టార్జితం మొగుడిదేనని చట్టం ఉన్న ఆ రోజుల మీద తనూ ఒక నాటిక రాసింది, తెర లేపే ముందు ఆవిడ సంగతి అందరికీ చెప్పింది కూడా. ఎక్కడో మంచుదేశం గొడవ, ఇక్కడెవరు భుజాలు తడుముకుంటారులే అనుకుంది. ఎంత అమాయకత్వం!

"స్టెల్లా గారూ, ఆ చొక్కా ఏంటండీ? విప్పెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

"ఇంట్లో ఉన్నదే తెచ్చుకోమన్నారు కదండీ," అంది స్టెల్లా. చొక్కా పై గుండీ పెట్టుకుంది. తెర దాటి వెళ్ళిపోయింది.

చర్చి అంతా గుసగుసలాడింది. పెళ్ళాం వేషంలో ఉన్న బ్లెస్సీ కూలి డబ్బులు కొంగున దాచుకుంటోంది. మొగుడి వేషం వేసిన స్టెల్లా ఆ కొంగు పట్టుకుని లాగింది.

"నీ రెక్కల కష్టం నాది. నువ్వూ నా దానివే. ఎవడితో చెప్పుకుంటావో చెప్పుకో!"

ప్రభాకరరావు లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. అడుగులో అడుగు వేసుకుంటూ స్టేజీ వైపు నడిచాడు. ఝాన్సీ తెర అంచు పట్టుకుంది. ఈ రాత్రి స్టెల్లా బతుకుతుందా? తను రాసిన నాటికే ఆమె ప్రాణం తీస్తుందా? చేతిలో కాగితాలు జారిపోయాయి.

"కూచోరా!"

అతని తల్లి పాపాయమ్మ. బల్ల పట్టుకుని లేచి నిలబడింది. ముసలావిడ చర్చిలో గొంతెత్తడం ఎవరూ ఎరగరు.

"ఆ మాటలు నీయ్యనుకుని లేచేవా? మీ నాన్నయ్యి. పడిందాన్ని నేను. గుమ్మంలో నుంచుని నేర్చుకున్నావు నువ్వు. ఆ దొరసాని దేశంలోనూ ఇయ్యే మాటలంట, విన్నావా?"

పాపాయమ్మ కోడలి వైపు వేలు చూపించింది.

"ఇన్నేళ్ళూ నీకు భయపడి గోడవైపు తిరిగి పడుకున్నానురా. ఇవాళ్టి నుంచీ స్టెల్లా నా గదిలో పడుకుంటాది. గొళ్ళెం నేనే ఏస్తాను."

ప్రభాకరరావు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. స్టెల్లా చొక్కా విప్పలేదు, తర్వాతి మాట మర్చిపోయి తెర వైపు చూస్తోంది.

ఝాన్సీకి భయం ఏమీ తగ్గలేదు. గొళ్ళెం ఎన్నాళ్ళు ఆగుతుంది? అయినా వంగి, కాగితాలు ఏరుకుని, తర్వాతి మాట అందించింది.