తెల్లమట్టి కోడళ్ళు

"ఏమే ఎల్మాస్, ఈ గోడకి పచ్చకామెర్లేమైనా వచ్చాయా?"

అత్తగారు హురియె ఆ మాట అన్నప్పుడు ఎల్మాస్ తందూరు పొయ్యిలోంచి రొట్టెలు తీస్తోంది. తల ఎత్తి చూడలేదు. చూడక్కర్లేదు కూడా. చలికాలమంతా పిడకల పొగ తాగిన గోడ ఏ రంగులో ఉంటుందో ఆమెకు తెలుసు. ఈ కొండ ఊళ్ళో ఆడదాని పరువంతా గోడ మీదే ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టం చెప్పులు విప్పుతూనే గోడ వంక చూస్తుంది, ఆ తర్వాతే కుశలం అడుగుతుంది. మొగుడు తాగొచ్చి కొట్టినా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, గోడ మాసిందంటే మాత్రం ఊరంతా చెప్పుకుంటుంది.

పైగా ఈసారి మామూలు ఏడాది కాదు. పెద్ద కోడలు సెహెర్ పోయింది. శుక్రవారం ఆమె నలభయ్యో రోజు. ఆ రోజు ఊరంతా వచ్చి, ప్రార్థన చదివి, భోంచేసి వెళ్తారు. దానికి ముందురోజు పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలా ఒక బేసిన్ నిండా జల్లించిన తెల్లమట్టి పట్టుకొస్తారు. అంతా కలిసి చావు జరిగిన ఇంటికి పూత పూస్తారు. పోయిన మనిషికి ఆడవాళ్ళు చేసే ఆఖరి మర్యాద అది. కాదంటే ఇరుగుపొరుగునే కాదు, పోయినదాన్ని కూడా అవమానించినట్టే.

"ఈసారి మొదటి చెయ్యి నెర్మిన్‌ది," అని కూడా తేల్చేసింది హురియె. "కొత్త కోడలు, కడుపుతో ఉంది, శుభం. దాన్ని గుంటకి తీసుకెళ్ళి మట్టి తవ్వడం, జల్లించడం నేర్పు. పుట్టబోయేవాడికి కింద పరవడానికీ ఆ మట్టే కావాలి కదా, కాచి వెచ్చగా."

నెర్మిన్ ఎల్మాస్ కొడుకు పెళ్ళాం. ఏడో నెల. ఎల్మాస్ రొట్టెలకి గుడ్డ చుట్టి పక్కన పెట్టింది.

పూత పూయడంలో సెహెర్‌ని మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. పొట్టేలు తోలు ముక్కని మట్టినీళ్ళలో ముంచి, మోచేతి మీదుగా ఒక్క చుక్క కారనివ్వకుండా కప్పుదాకా పూసుకుంటూ పోయేది. కింద పరిచిన చాప మీద మరక పడేది కాదు. కాస్త తడి ఆరగానే వేళ్ళతో గోడంచున దానిమ్మ పువ్వులు దిద్దేది. పక్క ఊళ్ళలో పెళ్ళిళ్ళకి కూడా ఆమెనే పిలుచుకెళ్ళేవాళ్ళు. పొద్దుట్నుంచి సాయంత్రందాకా వంచిన నడుం ఎత్తకుండా పని చేసి ఇంటికొచ్చి మళ్ళీ వంటకి కూర్చునేది. అబ్బ, ఏం మనిషి! ఆమె పూసిన గదిలో దీపం వెలిగిస్తే రెండు దీపాలు పెట్టినట్టు ఉండేది. ఇంతా చేస్తే ఆమె మొగుడు అన్న ఒకే ఒక్క మాట, "పని లేకపోతే గోడలకి పువ్వులు పెడుతుంది," అని.

ఎల్మాస్‌కి ఆమె తోడికోడలు మాత్రమే కాదు, నోరు కూడా. ఇక్కడ కొత్త కోడలు అత్తమామల ఎదుట గొంతు వినిపించకూడదు. ఒక్కోచోట ఏళ్ళ తరబడి. ఎల్మాస్‌కి ఆకలేసినా, జ్వరమొచ్చినా సెహెర్ చెవిలో గుసగుసగా చెప్పేది, సెహెర్ అది పైకి చెప్పేది. చెప్పనివి కూడా కలిపి చెప్పేది, గడుసుది. "చిన్నదానికి ఒంట్లో బాగాలేదు, ఇవాళ నీళ్ళు నేను మోస్తాను," అని ఎన్నిసార్లు అందో. ఎల్మాస్ నిక్షేపంగా ఉన్న రోజుల్లో కూడా అంది. అలాంటి మనిషి కిందటి చలికాలంలో గోడకి జారగిలబడి, ఊపిరి సగంలోనే ఆగిపోతోందే అని చెప్పడానికి కూడా ఊపిరి చాలక, చేత్తో చూపించింది.

అప్పుడే పట్నం నుంచి ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే బండి వేసుకొచ్చింది. ఈ ఊళ్ళో ఇంతమందికి ఊపిరితిత్తుల చుట్టూ పెంకు కట్టినట్టు ఎందుకవుతోందని ఆమె ఆరా. ఇంటింటికీ తిరిగి, టీ తాగి, గోడ మీద చెయ్యి వేసి చూసి, చివరికి ఆడవాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. ఈ తెల్లమట్టికి బయట వేరే పేరుంది, ఆస్బెస్టాస్ అంటారు. నిప్పంటుకోదని, కుళ్ళదని లోకమంతా మోజుపడి ఇంటి కప్పులకీ, ఓడల్లో ఆవిరి గొట్టాలకీ, మోటారు బ్రేకులకీ వాడేసింది. దుమ్ము పీల్చిన పనివాళ్ళు దగ్గి దగ్గి చస్తుంటే, సంగతి తెలిసిన కంపెనీలు కొన్ని నోరు మెదపలేదు. ఆ మట్టిలో కంటికి కనపడని దారాలుంటాయి. లోపలికి వెళ్ళినవి బయటికి రావు. ఇరవయ్యేళ్ళకో నలభయ్యేళ్ళకో లేచి కూర్చుంటాయి.

"తడిమట్టే కదమ్మా మేం పూసేది?" అని అడిగింది ఎల్మాస్.

"జల్లించేది పొడిగానే కదా?" అంది డాక్టరమ్మ.

ఎల్మాస్‌కి జల్లెడ పట్టుకుంటే తెల్లటి పొగలో ఒకరి మొహం ఒకరికి కనపడక నవ్వుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆరిపోయిన గోడల్ని గీకొద్దని, వీలైతే పైన సున్నం వేయించుకోమని, మట్టి మాత్రం ఇక తవ్వొద్దని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

కాఫీ హోటల్లో మగవాళ్ళు ఒకటే నవ్వు. డాక్టరమ్మకేం, బండెక్కి పోతుంది, ఊరి పేరు పేపర్లో పడితే మన పెరుగు కూడా ఎవడూ కొనడు, మన పిల్లల్ని చేసుకోడు అన్నారట. ఎల్మాస్ మొగుడు బెకిర్ ఇంటికొచ్చి, "మీ బద్ధకానికి ఓ డాక్టరు కూడా దొరికింది," అన్నాడు. "మా తాత ఈ గోడల మధ్యే తొంభయ్యేళ్ళు బతికాడు."

తాత సంగతి అందరూ చెప్తారు. నాయనమ్మ ఏ వయసులో పోయిందో, ఏ జబ్బుతో పోయిందో ఎవర్నడిగినా తెలీదు. తాత పగలంతా పొలంలో, సాయంత్రం కాఫీ హోటల్లో ఉన్నాడు. మట్టి మోసిందెవరు, జల్లించిందెవరు, ఆ దుమ్ములోనే పిల్లలకి పాలిచ్చిందెవరు? ఫ్యాక్టరీలో పనివాళ్ళని జీతమిచ్చి చంపారట. మాకు ఆ పాటి గతి కూడా లేదు, ఊరికే చచ్చాం, పైగా గోడ పచ్చగా ఉందని మాటలు పడి చచ్చాం. ఇప్పుడు గిన్నెలు తోముతూ ఎల్మాస్ ఇదంతా లోపల్లోపలే అనుకుంది, అనుకున్నకొద్దీ ఒళ్ళు మండింది. సెహెర్ ఉంటే చెవిలో చెప్పి ఊరుకునేది.

గురువారం పొద్దున్నే ఆడవాళ్ళు బేసిన్లు తలమీద పెట్టుకుని వచ్చేశారు. ఎల్మాస్ వాకిట్లోనే నిలబడింది. ఎంతసేపటికీ పక్కకి తప్పుకోలేదు. పక్కింటి దొందూ నవ్వుతూ, "ఏం పిల్లా, మా మట్టి మీ గోడకి ఆనదా?" అంది.

"లోపలికి రండి, టీ తాగండి. మట్టి మాత్రం బయటే."

నవ్వులు ఆగిపోయాయి. లోపల్నుంచి హురియె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చచ్చినదానికి ఆ మాత్రం మర్యాద దక్కనివ్వవా, మాసిన గోడల మధ్య ప్రార్థన చదివించి నా కోడల్ని దిక్కులేనిదాన్ని చేస్తావా, నీకు తలకాయి తిరిగిందా అని పట్టుకుంది. అదంతా ఎల్మాస్ నిలబడే వింది. చెవిలో చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

"సెహెరక్కని మనం మట్టిలో పెట్టింది మొన్ననే అత్తయ్యా. మట్టి అక్కలోకి చేరి ఎన్నేళ్ళయిందో," అంది, అందరికీ వినపడేలాగే. "అక్కని చంపినదాన్నే తెచ్చి అక్కకి మర్యాద చెయ్యను. గోడ మాసి ఉంటే ఉండనీ. చూసినవాళ్ళు నన్ననుకోనీ."

ముసలావిడ కర్ర ఎత్తుతుందనుకున్నారు అంతా. ఎత్తలేదు. గుమ్మం మీద మెల్లగా కూలబడింది.

"సెహెర్‌కి అప్పుడు పదిహేనేళ్ళే," అంది, ఎవరితోనో అన్నట్టు. "పెళ్ళయిన వారానికి గుంటకి తీసుకెళ్ళాను. చీకటిగా ఉంది, భయమేస్తోందంది. వీపు మీద ఒక్కటిచ్చి నేనే దింపాను. నేనే కదే దింపింది."

దొందూ తన బేసిన్ మీద కొంగు కప్పింది. ఎల్మాస్ వెళ్ళి అత్తగారి పక్కన గుమ్మం మీద కూర్చుంది. అత్తకి సమానంగా ఆ గుమ్మం మీద కూర్చోవడం ఆమెకు అదే మొదలు.

"మిమ్మల్నెవరు దింపారత్తయ్యా?"

హురియె ఆలోచించింది. "మా అత్త."

"ఆవిణ్ణి?"

లోపల నెర్మిన్ కడుపు మీద చెయ్యి వేసుకుని, జల్లెడ పట్టుకుని, ఎవరేం చెప్తారా అని చూస్తోంది. ఎల్మాస్ అటు తిరిగింది.

"దాన్ని నేను దింపను," అంది.