సాంబ్రాణి బుట్ట

మంచం మీది దుప్పటి లాగి మూటగట్టి, నేలకు ఫినాయిల్ కొట్టేసరికి నాగమల్లేశ్వరి డ్యూటీ అయిపోయింది. మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది. ఎంత తోమినా ఏం లాభం, ఆసుపత్రి వాసన జడలోకెక్కి కూర్చుంటుంది. సిపాయి మొగుడి వెంట ఢిల్లీ వచ్చి, అతను పోయాక ఆయా పనిలో కుదురుకుంది కానీ, ఆ వాసనతో మాత్రం ఇన్నేళ్లయినా పొత్తు కుదరలేదు.

ఈ చలికాలం పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటోంది. వార్డులో నాలుగు గంటలు తిరిగితే తగ్గుతుంది. గదికొచ్చి పడుకుంటే మళ్లీ మొదలు. తలలో నీరు చేరిందని తనే తేల్చేసుకుంది. దానికి సాంబ్రాణి పొగను మించిన మందు లేదని వాళ్లమ్మ చెప్పిన మాట. చుట్టూ అంతమంది డాక్టర్లు తిరుగుతున్నా ఒక్కరినీ అడగలేదు.

తన గది ఉన్న కటవారియా సరాయ్‌లో బస్సు దిగి, ఎప్పటిలాగే సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. బండతను ఇస్త్రీపెట్టెలోని నిప్పులు, పొద్దున వెళ్తూ ఆమె అక్కడ వదిలిన మట్టి కుంపట్లోకి దులిపి, పైన నాలుగు బొగ్గులు వేశాడు.

"ఖిడ్కీ ఖులీ రఖ్‌నా, దీదీ."

కిటికీ తెరిచి ఉంచమని అతను రోజూ చెప్పేదే.

"ఠీక్ హై భయ్యా," అంది ఆమె, రోజూ అనేదే.

మెట్ల మీద పక్కగది ప్రణతి మఫ్లర్ చుట్టుకుని నిలబడి ఉంది. సివిల్స్‌కు చదువుతున్న నెల్లూరు పిల్ల.

"ఏమనుకోకండి ఆంటీ. మీ పొగ నా రూమ్‌లోకొస్తోంది. దగ్గుతో చదవలేకపోతున్నా. కాస్త కిటికీ వేసుకుంటారా?"

నాగమల్లేశ్వరికి సిగ్గేసింది. "అయ్యో, ముందే చెప్పకపోయావా తల్లీ! పొగనేది ఇటు రాదులే. నువ్వు చదూకో."

ఆమె ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. కిటికీ మూసింది. సందుల్లో పాత పేపరు మడతలు పెట్టి కూరింది. తలుపు కింద తువాలు దోపింది.

స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, జడ విప్పింది. సగం నెరిసినా జుట్టు ఇంకా నడుం దాటుతుంది. నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచి చాప మీద వెల్లకిలా పడుకుంది. తెల్లటి పొగ కుదుళ్లలోకి వెచ్చగా పాకింది. ఎవరి పిచ్చి వారికానందం. "ఆయా" అని ఎవరూ పిలవని ఈ కాసేపే ఆమెకు సొంతం. దీనికోసమే ఆమె పొద్దుటినుంచీ ఎదురుచూస్తుంది.

మామూలుగా ఇది కాగానే కుంపటి వరండాలో పెట్టేస్తుంది. ఇవాళ అక్కడ పెడితే ఆ పిల్ల మళ్లీ దగ్గుతుంది. చల్లిన సాంబ్రాణి ఎలాగూ కాలిపోయింది, పొగ ఆగింది. పొగే లేనప్పుడు ఇక భయమేముంది? ఎర్రటి నిప్పులు గదిని వెచ్చగా ఉంచుతాయి కూడా.

కణతలు పోటెత్తాయి. పడుకునే చెయ్యి చాపి, బుట్ట కాస్త ఎత్తి ఇంకో చిటికెడు చల్లింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నొప్పి మెల్లగా మొద్దుబారింది. మందు పనిచేస్తోందనుకుంది. ఒళ్లు బరువెక్కింది. లేచి చారు పెట్టి ఆ పిల్లకు ఓ గిన్నె ఇవ్వాలనుకుంది, లేవలేకపోయింది.

పక్కగదిలో ప్రణతి చాలా రోజుల తర్వాత దగ్గు లేకుండా చదువుకుంది. రేపు ఆంటీకి థాంక్స్ చెప్పాలనుకుంది.

పొద్దున పాల ప్యాకెట్ గొళ్లేనికి వేలాడుతూనే ఉంది. నాగమల్లేశ్వరి తలుపు తియ్యలేదు. ఇంటి ఓనరు గడియ విరగ్గొట్టాడు. ముందు బయటికొచ్చింది సాంబ్రాణి వాసన. ఆ తర్వాత అతని కేక.

మూసిన గదిలో బొగ్గుల గాలికి ఊపిరాడక పోయిందన్నారు; ఆమె శవాన్ని మెట్ల మీంచి కిందికి దించారు. జనం వెళ్లాక ప్రణతి ఒక్కతే ఆ గదిలోకి వచ్చింది. కిటికీ సందుల్లోంచి పేపరు మడతలు ఒక్కొక్కటే లాగేసి రెక్కలు తెరిచింది.

చాప పక్కన బుట్ట బోర్లించే ఉంది. వెదురు బద్దల మధ్య చిక్కుకున్న పొడుగాటి వెంట్రుక ఒకటి, సగం నలుపు సగం తెలుపు, కిటికీలోంచి వచ్చిన గాలికి కదిలింది.