అన్నకు బద్లీగా

ముంబై దగ్గరి మా పద్మనగర్ కార్ఖానాల్లో ఒక ఆనవాయితీ ఉంది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు పనికి రాలేకపోతే తన మనిషిని పంపాలి. వాణ్ని బద్లీ అంటారు. బద్లీ నిలబడితే నాగా పడదు, సాంచాలు చేజారవు.

మా అన్న అంకుశంకు మెడ మీద గడ్డలు లేచి రెండేళ్లయింది. లింఫోమా అన్నారు. మందులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచాయి. 2021లో ముంబైలో ఒక ఆసుపత్రి కొత్త వైద్యాన్ని మొదటిసారి మనుషుల మీద చూస్తోందని తెలిసి పేరు రాయించాం. రోగి రక్తంలో జబ్బుతో పోరాడే కణాలుంటాయట. వాటిని బయటికి తీసి, గడ్డను గుర్తుపట్టడం నేర్పి, తిరిగి ఎక్కిస్తారట. తొమ్మిదిమందినే తీసుకున్నారు. అన్న తొమ్మిదోవాడు. ఇక మిగిలిన వైద్యం అదొక్కటే.

రక్తమిచ్చే రోజు తెల్లారేసరికి అన్న ఒళ్లు కాలిపోతోంది. లేచి నిలబడలేకపోయాడు.

"తారీఖు తప్పితే పేరు కొట్టేస్తరు. నువ్వు పో తమ్మీ. ఒక్క తల్లి రక్తమే గద," అన్నాడు.

వదిన వెంకవ్వ వద్దనలేదు. అన్నకు బద్లీగా ఆమె కూడా ఎన్నోసార్లు కండెలు చుట్టింది.

మా ఇద్దరి ముఖాలూ ఒక్క తీరే. మెడకు తువ్వాలు చుట్టుకుని, అన్న కాగితాలతో పోయాను. కొత్త నర్సు అన్న పేరు పిలిచింది. పలికాను. నా రక్తం యంత్రంలోకి పోయి వస్తుంటే అన్నకు బద్లీగా సాంచాల దగ్గర నిలబడ్డట్టే అనిపించింది.

మూడు వారాలకు పిలిచారు. అన్నను మంచం మీద పడుకోబెట్టి, డాక్టరమ్మ చిన్న సంచి చూపించింది. ఇవి నీ సొంత కణాలు, అందుకే నీ ఒంటికి పడతాయి, పరాయివైతే ప్రాణానికే ముప్పు అని హిందీలో చెప్పింది. అన్న నా వంక చూడలేదు. సూదికి చెయ్యి చాపాడు.

నేను చెప్పేశాను.

ఆమె సంచిని పక్కన పెట్టింది. కోప్పడలేదు. జ్వరమని కబురు చేస్తే తారీఖు మార్చేవాళ్లమంది. మళ్లీ తియ్యమని బతిమాలితే పరీక్ష చేయించింది. ఇప్పుడు అన్న రక్తంలో తియ్యడానికి సరిపడా కణాలు లేవట. పేరు కొట్టేశారు.

కళ్యాణ్‌లో రైలు దిగి షేర్ ఆటో ఎక్కాం. దారిలో అన్న అడిగాడు.

"చెప్పకపోతే ఏమైతుండె?"

"సస్తుంటివి."

"మరి ఇప్పుడు?"

ఆటో కామత్‌ఘర్ దాటింది. సాంచాల చప్పుడు మొదలైంది.

"రేపు నా సాంచాల మీద ఎవరున్నరు?" అన్నాడు.

"నేనే," అన్నాను.