నెయ్ ఇమో ఇవ్వనన్న రోజు

మా దీవిలో అడిగితే లేదన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, ఇచ్చేవాళ్ళని వరసగా కూర్చోబెడితే మొదటి చాప మీద నన్నే కూర్చోబెట్టాలి. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి. ‘బుబూసి’ అంటూ వచ్చి నా అరుగు దగ్గర్నుంచి వట్టి చేతులతో వెళ్ళినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. బుబూసి అంటే మాలో అడగడమే. కానీ ఆ మాట వేసి అడిగారంటే ఎదుటివాడు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే తలవంపులు వాడొక్కడికే కాదు, వాడి తాత ముత్తాతలకి కూడా.

అలాంటి దీవికి ఇమొజెన్ అనే తెల్లపిల్ల ఇంగ్లీషు చెప్పడానికొచ్చింది. ఆస్ట్రేలియాలో కాలేజీ చదువు ముగించి, పట్టా చేతికొచ్చి నెల తిరక్కముందే, జీతం లేకుండా ఏడాది పాటు పాఠాలు చెబుతానని సంతకం పెట్టి, ఫిబ్రవరిలో మూడు పెద్ద సంచులతో పడవ దిగింది. ఇరవై రెండేళ్ళు. ఆ పేరు మా పిల్లలకి నోరు తిరగలేదు. ఆడవాళ్ళకి మర్యాదగా పెట్టే ‘నెయ్’ ముందు తగిలించి, వెనకాలది సగం కోసేసి, నెయ్ ఇమో అన్నారు.

ఆమెకి ముందు ముగ్గురు అలాగే వచ్చారు. మంచి పిల్లలే. మావాళ్ళు గుడ్ మార్నింగ్ దాటి నాలుగు మాటలు పట్టుకునేలోపు రాజధాని తరావా నుంచి ఎవరో ఒకరు రావడం, అక్కడి బడికి కావాలని తీసుకుపోవడం. పరీక్ష మాత్రం తరావాకీ మాకూ ఒకటే, నవంబరులో. ఇంగ్లీషులో గట్టెక్కితేనే పై చదువు. లేకపోతే కొబ్బరి ఎండబెట్టుకోవడం. పదేళ్ళలో మా బడి నుంచి గట్టెక్కినవాళ్ళు ఇద్దరు.

మొదటి రోజే పై తరగతిలో అకోయా అనే పిల్ల లేచి, నువ్వెప్పుడు వెళ్ళిపోతావని అడిగింది. కోపంగా కాదు, వాన ఎప్పుడొస్తుందని అడిగినట్టు. నెయ్ ఇమో ఆ ప్రశ్నకి నొచ్చుకుంది.

“మీ పరీక్ష అయ్యాకే,” అంది.

“వాళ్ళూ ఇదే చెప్పారు,” అని అకోయా కూర్చుంది.

తరగతిలో పన్నెండు మంది. ఆ మాట పన్నెండు మందీ విన్నారు. ఆ రాత్రి నెయ్ ఇమో అమ్మకి ఉత్తరం రాస్తూ, ఏమైనా కానీ నవంబరు దాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

ఇక అడగడాలు మొదలయ్యాయి. ముందు టార్చిలైటు పోయింది. తర్వాత చెప్పులు, గొడుగు, దోమతెర, చేతి గడియారం. నీలం రంగు వానకోటు ఉండేది. దాన్ని జాలరి ఒకడు అడిగాడు, అతన్ని బావమరిది అడిగాడు, బావమరిదిని పాస్టరుగారు అడిగారు. తొమ్మిది రోజుల్లో ఆ కోటు దీవి మొత్తం చుట్టి, ఎండలో చెమటలు కక్కుతున్న ఒక ముసలాడి ఒంటి మీద ఆమె గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళింది. ఆమె చెయ్యి ఊపింది. ఎవరికి ఊపిందో, మనిషికో కోటుకో, నాకు తెలియదు. రెండు నెలలకి ఆమె గది ఎంత ఖాళీ అయిందంటే, లోపల తుమ్మితే అవతలి ఊళ్ళో కుక్కలు మొరిగేవి.

ఆమె పడుకునే ఇల్లు రూటాది. రూటా బొద్దుగా ఉంటుంది, నవ్వితే చాప అదురుతుంది, తిడితే ఊరు అదురుతుంది. ఒక రోజు చేమదుంప చెక్కుతూ ఆ పిల్లని కూర్చోబెట్టి కడిగేసింది.

“ఏమే, నీకు బుర్రుందా? అడిగినవాడికల్లా ఇచ్చేస్తావా?”

ఇవ్వకపోతే తప్పని మీరే చెప్పారు కదమ్మా అంది నెయ్ ఇమో.

ఇవ్వకపోవడం తప్పే, కానీ దాచుకోవడం తప్పని ఎవరన్నారని రూటా అడిగింది. కనబడనిదాన్ని ఎవడూ అడగడు. ఈ దీవిలో ప్రతి కొబ్బరాకు మోపు కింద ఏదో ఒకటి ఉంటుంది. మొదటి చాప మీద కూర్చోవాల్సిన పెద్దమనిషి సంగతే చెప్పింది. పినతండ్రి కొడుకు దగ్గు వినబడగానే ఆయన సైకిలు మొగలి పొదలోకి పోతుంది, ఆయన మాత్రం పాత ట్యూబు ఒకటి ఒళ్ళో పెట్టుకుని పంచరు వేస్తున్నట్టు కూర్చుంటాడు. రూటా చెప్పింది అబద్ధమని నేననను. పొద కూడా చూపించగలను, ముళ్ళ గీతలు కూడా.

రూటా అక్కడితో ఆగలేదు. అసలు కోపం వేరే ఉంది.

“ఇస్తావు, ఇస్తావు, రాణిలా కూర్చుంటావు. ఇన్ని నెలల్లో ఒక్కరి దగ్గరికెళ్ళి చిటికెడు ఉప్పయినా అడిగావా? మా ఇళ్ళల్లోవి నీకు పనికిరావా?”

మీకున్నదే తక్కువ, ఎలా అడగనని నెయ్ ఇమో అంది. రూటా చెక్కడం ఆపేసింది. ఆ మాటకి ఆమె మొహంలో వచ్చిన మార్పు చూసి, నెయ్ ఇమోకి తను ఎక్కడో గట్టిగా తొక్కానని అర్థమైంది, దేన్ని తొక్కిందో మాత్రం అర్థం కాలేదు. చదువుకున్న పిల్ల కదా, రెండు రోజులు ఆలోచించి పక్కన పెట్టేసింది.

జూలైలో బెనియాటా వచ్చాడు. తరావాలో పిల్లల చదువులు చూసే అధికారి. మనిషి చెడ్డవాడేమీ కాదు. నవ్వు మొహం, ఇస్త్రీ చొక్కా, పెద్దలకి పొగాకు కట్టలు. అక్కడ ఒక బడిలో ఇంగ్లీషు చెప్పే కుర్రాడు జబ్బుపడి ఇంటికెళ్ళిపోయాడు, అతని చోటికి ఇంకొకరు కావాలి. కాగితం పంపి ఊరుకోవచ్చు. కానీ అతని తల్లి మా ఊరి ఆడపడుచే. ఊళ్ళో వ్యవహారం ఊరి పద్ధతిలో నడిపితే ఎదురుండదని అతనికి తెలుసు.

మా సభ ఇంటికి గోడలుండవు. మొగలి ఆకుల చూరు నడుము ఎత్తుకి దిగి ఉంటుంది, ఎంతటివాడైనా వంగే లోపలికి రావాలి. ఆ పొద్దున లోపల పెద్దలు తమ తమ స్తంభాల దగ్గర కూర్చున్నారు, ఆడవాళ్ళు వెనక. అతిథుల చాప మీద బెనియాటా, పక్కన నెయ్ ఇమో. చేపా సీమపనసా తిన్నాక, పాటలయ్యాక, బెనియాటా లేచి నిలబడి, తన తల్లి పేరు చెప్పి, ఆమె వంశం కూర్చునే స్తంభం మీద చెయ్యి వేసి, ఆ మాట వేశాడు. బుబూసి. ఈ అమ్మాయిని మా బడికివ్వండి. పడవ రేపు పొద్దున్నే.

పెద్దలు తలలు దించుకున్నారు. ముందు వచ్చిన ముగ్గురూ ఇలా పోయినవాళ్ళే. అతను నవ్వుతూ అడిగితే మావాళ్ళు నవ్వుతూ ఇచ్చి, ఆనక ఇళ్ళకెళ్ళి నోరు కొట్టుకున్నారు. అందరిలోకీ పెద్దవాడు తొకతాము. ఆయన పొగాకు చుట్టి, వెలిగించి, సగం దాకా పీల్చి, అప్పుడు నోరు విప్పాడు.

“మేనల్లుడా, నువ్వడిగాక మేం కాదనేదేముంది. కాకపోతే పంది అయితే మందలో చూసిస్తాం. ఇది మనిషి. మనిషిని మనిషినే అడగాలి. మా తాతలు అలాగే చేసేవారు.”

వాళ్ళ తాతలు అలాంటిదేమీ చెయ్యలేదు. అప్పటికప్పుడు ఆయన నోట్లో పుట్టిన ఆచారం అది. బెనియాటాకీ అనుమానమొచ్చే ఉంటుంది, కానీ నవ్వేశాడు. నెయ్ ఇమో ఎవరికీ లేదనదన్న మాటని పడవ వాళ్ళు తరావా దాకా మోసుకెళ్ళారు. నిశ్చింతగా ఆమె వైపు తిరిగాడు.

“బుబూసి, నెయ్ ఇమో. ఈ నాలుగు నెలలూ మా బడికియ్యి.”

అందరి ముందూ, పెద్దల ముందూ, ఆ మాటకి ఎదురు చెప్పడమంటే ఏమిటో ఈపాటికి నెయ్ ఇమోకి తెలుసు. సాయం చెయ్యడానికొచ్చిన దేశంలో, వాళ్ళ ఆచారాన్ని వాళ్ళ ఇంట్లోనే కూర్చుని తన్నడం. తలదించుకుని సరేనంటే గౌరవంగా వెళ్ళిపోవచ్చు, తరావాలో కరెంటుంది, అక్కడా పిల్లలే. ఆమె చూపు పక్కకి పోయింది. చూరు కింద నుంచి బయట నిలబడ్డవాళ్ళ కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. పన్నెండు జతలు. ఐదు నెలలుగా చాప మీద ఎదురుగా చాపుకుని కూర్చున్న కాళ్ళు, ఏవి ఎవరివో చూడగానే చెప్పగలదు. చిటికెన వేలి గోరు లేనివి అకోయావి. ఒక్క జతా కదలడం లేదు. వాళ్ళకి ముందే తెలిసిన జవాబు కోసం నిలబడ్డట్టున్నాయి.

“ఇవ్వను,” అంది నెయ్ ఇమో.

మా భాషలోనే అంది. ఎక్కడో చంటిపిల్ల ఏడుపు మొదలెడితే, తల్లి రొమ్ము నోట్లో కుక్కింది.

బెనియాటా మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు. ఏమన్నావో నీకు తెలుసా అమ్మాయీ అన్నాడు.

“తెలుసు. నా చెప్పులడిగారు, ఇచ్చాను. గొడుగడిగారు, ఇచ్చాను. అవి నావి. ఈ నాలుగు నెలలూ నావి కావు, ఆ పిల్లలకి ఎప్పుడో ఇచ్చేశాను. కావాలంటే బయటికెళ్ళి వాళ్ళనడగండి.”

అప్పుడు అతను అధికారి గొంతు తీశాడు. మాట వినకపోతే నీ పేరు కొట్టేస్తాం, నెలనెలా బియ్యం బస్తా ఆగిపోతుంది, డబ్బా మాంసం ఆగిపోతుంది, నీ దేశం నుంచి పంపినవాళ్ళకి కూడా రాస్తాం అన్నాడు.

“రాయండి. స్పెల్లింగు సరిచూడాలంటే పంపండి, మా పిల్లలు చూస్తారు.”

పెద్దలెవరూ తలెత్తలేదు. ఇంతలో ఆడవాళ్ళ వెనక వరసలోంచి రూటా గొంతు వచ్చింది. అక్కడ ఆడవాళ్ళు పిలవకుండా మాట్లాడరు.

“ఏమే పిల్లా, మళ్ళీ ఒకసారి అను. ఆ మూల ముసలాళ్ళకి చెవుడు, వినబడలేదు.”

“ఇవ్వను,” అంది నెయ్ ఇమో, ఈసారి పడవ రేవు దాకా వినబడేలా.

బెనియాటా విసురుగా బయటికి నడిచాడు. కోపంలో వంగడం మర్చిపోయాడు. చూరు దూలం ఠంగున నుదుటికి తగిలింది, నిమ్మకాయంత బొప్పి కట్టింది. పొగాకు కట్టలు మాత్రం తిరిగి అడగలేదు.

వారానికి రేడియోలో కబురొచ్చింది. పేరు కొట్టేశారు. బియ్యం పడవలో రాలేదు. అది ఆమె ఊహించినదే. ఊహించనిది ఇంకోటుంది. ఆ సభ తర్వాత ఊళ్ళో ఒక్కరూ ఆమెని ఏదీ అడగలేదు. దారిలో నవ్వుతారు, పలకరిస్తారు, అడగరు. దువ్వెన బయటే పెట్టి పోయినా తిరిగొచ్చేసరికి అక్కడే ఉండేది. మాలో అంతకంటే పెద్ద వెలి లేదు. పొద్దున్నే పాఠం చెప్పి, మధ్యాహ్నం ఖాళీ గదిలో కూర్చుని, నేను చేసింది తప్పేనా అని ఆమె రూటాని అడిగింది.

“తప్పే,” అంది రూటా. “మళ్ళీ చెయ్యాల్సొస్తే మళ్ళీ చెయ్యి. ఇప్పుడు లే. ఇంట్లో తినడానికి లేదు. పోయి అడుక్కురా.”

నెయ్ ఇమోకి వందమంది ముందు ఇవ్వననడం తేలికగానే ఉండింది, ఒక గడప ముందు ఇవ్వమనడమే కష్టమైంది. అయినా తేలిక ఇళ్ళు వదిలేసి, అందరికంటే ఎక్కువ తలవంపులు పడ్డ తొకతాము ఇంటికే నడిచింది. ఆయన ఒక్క చేప ముందు పెట్టుకుని, అప్పుడే ఉప్పు రాస్తున్నాడు. ఆకు కప్పడానికి వ్యవధి దొరకలేదు.

“బుబూసి, తాతా. ఆ చేప.”

ముసలాయన చేప వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఆ రోజు సభలో ఇవ్వనన్న నోరు ఇదేనా అన్నాడు.

“ఇదే. అప్పుడు ఆకలి లేదు.”

ఆయన చేప తోక పట్టుకుని ఆమె చేతిలో పెట్టి, లోపలికి చూసి, ఇవాళ మనకి చారే అని పెళ్ళాంతో చెప్పాడు. ఆ సాయంత్రమే ఆయన మనవరాలు రూటా ఇంటికొచ్చి, బుబూసి, నీ దువ్వెన అంది. నెయ్ ఇమో దువ్వెన ఇచ్చేసి, గదిలోకెళ్ళి ముక్కు చీదుకుంది.

ఆ నాలుగు నెలలూ ఆమె మా దీవిలో అడగని ఇల్లు లేదు. చేప అడిగింది, తీపి కల్లు అడిగింది, రాత్రి పాఠాలకి కిరోసిను అడిగింది. ఎవరి దగ్గు ఎటునుంచొస్తుందో కూడా నేర్చుకుంది. పిల్లల పుస్తకాలు మటుకు కొబ్బరాకు మోపు కింద దాచింది. నవంబరులో పన్నెండు మందీ పరీక్ష రాశారు. ఏడుగురు గట్టెక్కారు. అకోయా గట్టెక్కలేదు, మూడు మార్కులు తగ్గాయి. పడవ ఎక్కబోతున్న నెయ్ ఇమోతో, వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను, ఇంటికెళ్ళాక పాఠాలు రాసి పంపుతానన్న మాట నువ్వు తప్పినా సరే అంది. మాట తప్పకుండా నెలకో ఉత్తరం నిండా పాఠాలొచ్చాయి. మరుసటేడు అదీ గట్టెక్కింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే ఉంది, చెప్పేస్తాను. బెనియాటా నుదుటికి దూలం తగల్లేదు. ఆ రోజు అతను అందరికంటే చక్కగా వంగి, మర్యాదగానే బయటికెళ్ళాడు. ఎవరైనా వచ్చి నిజం చెప్పమంటే ఇలా ఒప్పుకుంటాను గానీ, మళ్ళీ చెప్పేటప్పుడు ఆ బొప్పి కట్టే తీరుతుంది.