దీపం ఆర్పినా చదివిన పిల్ల

ఫ్యాక్టరీలో నన్ను మైకక్క అంటారు. గేటు ముందు నేను నోరు తెరిస్తే మైకు అక్కర్లేదని. ఆడవాళ్ళ మరుగుదొడ్లకు తలుపులు పెట్టించింది నేను. కాన్పు సెలవు కోసం మేనేజరు బల్ల చరిచింది నేను. గొప్పకు చెప్పడం లేదు. అంత నోరున్నదాన్ని నా కళ్ళ గురించి అయిదేళ్ళు నోరు మూసుకున్నాను. ఆ సంగతి రాస్తున్నాను.

మాది బనియన్ల గుడ్డ అల్లే ఫ్యాక్టరీ. నాది చెకింగు పని. కింద దీపాలు వెలిగే గాజుబల్ల మీద గుడ్డ పారుతూ ఉంటుంది. చిల్లో, జారిన పోగో, నూనె మరకో కనిపిస్తే ఎర్ర చుక్క పెట్టాలి. కళ్ళజోడు పడినవాళ్ళను ఆ బల్ల దగ్గర ఉండనివ్వరు, మూటలు కట్టే షెడ్డుకు తోలేస్తారు. అందుకే ఏటా కళ్ళ పరీక్ష. ఏటా అదే అట్ట, అవే అక్షరాలు. గుడ్డ చూసేది మూరెడు దూరంలో, పరీక్ష పెట్టేది ఆరు గజాల అవతల. దగ్గరి పనికి దూరపు పరీక్ష ఏమిటని అడగాల్సిన మనిషిని నేనే. నాకు దూరం మసకబారింది కాబట్టి అడగలేదు. అడిగితే ముందు నా కళ్ళే చూస్తారు. అట్టను బట్టీ పట్టాను. నా ఎదుటే ముగ్గురిని షెడ్డుకు పంపారు. గుడ్డ వైపు చూస్తూ కూర్చున్నాను.

బట్టీ పట్టించింది నా కూతురు. ఇంట్లో దాన్ని పిడుగు అంటాం. చెప్పుల పెట్టె అట్ట మీద ఆ అక్షరాలన్నీ రాసి దాని చేతికిచ్చాను. అప్పుడు దానికి అయిదేళ్ళు. అది అట్ట పట్టుకుని నిలబడేది, నేను గోడకు ఆనుకుని అప్పజెప్పేదాన్ని. తప్పితే గరిటె చూపించి, “మళ్ళీ మొదట్నించి” అనేది. పంతులమ్మ ఆట. కడుపుబ్బా నవ్వుకునేవాళ్ళం.

ఎనిమిదో ఏట బళ్ళో దానికీ కళ్ళు చూశారు. సాయంత్రం పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, మీ ఫ్యాక్టరీ అట్టే పెట్టారు. ఎడమ కంటికి ఏమీ కనపడలా. అయినా నీలాగే గడగడా చెప్పేశా. సారు శభాష్ అన్నారు.”

నేను నవ్వాను. ముద్దు కూడా పెట్టుకున్నాను. అంతకుముందు ఆ కన్ను మూసినప్పుడు గట్టిగా నొక్కి ఉంటుంది, అందుకే మసకేసి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత రెండేళ్ళూ బోర్డు మీద లెక్కలు తప్పుగా ఎక్కించుకొస్తే ధ్యాస లేదని తిట్టాను. రెండుసార్లు కొట్టాను.

కనిపెట్టింది మా అత్త. సరదాకు పిల్ల కుడి కన్ను మూసి, నేనెవర్నో చెప్పమందట. పిల్ల చేత్తో ముఖం తడిమింది. అత్త నా దగ్గరకొచ్చి ఒకే మాట అంది. “నీ నోరు ఊరంతటికీ వినపడుద్దే అమ్మాయ్. దీని కన్ను మాత్రం నీకు కనపడలేదు.”

కళ్ళ డాక్టరమ్మ గది చిన్నది. తలుపు లేదు, తెర ఒక్కటే, అదీ సగానికి లాగి ఉంది. అవతల బెంచీ మీద మా సూపర్‌వైజరు వాళ్ళమ్మకు కంట్లో పొర తీయించడానికి వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసి తల పంకించాడు. తెర ఇంకాస్త లాగబోయాను, సగం దగ్గరే చిక్కుకుంది.

గోడకు అదే అట్ట, వెనక దీపం. డాక్టరమ్మ పిల్ల కుడి కన్ను మూసి చదవమంది. పిడుగు అందుకుంది. మూడో వరుసకొచ్చేసరికి డాక్టరమ్మ లేచి దీపం ఆర్పేసింది. పాటలో పడిపోయిన పిల్ల ఆగలేదు, నాలుగో వరుస కూడా చెప్పేసింది. బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

ఎవరు నేర్పారని డాక్టరమ్మ అడిగింది. పిల్ల నా వైపు చూసింది. తెర సందులోంచి సూపర్‌వైజరును చూసింది. గేటు దగ్గర అతన్ని ఎన్నోసార్లు చూసిన పిల్లే.

“నేనే. బళ్ళో చూసి నేర్చుకున్నా” అంది.

డాక్టరమ్మ కడిగేసింది. కళ్ళ విషయంలో అబద్ధాలాడే పిల్లను ఎక్కడా చూడలేదంది. రెండేళ్ళ ముందు వస్తే ఆ కన్ను చక్కగా దారికొచ్చేది, ఇప్పుడు కళ్ళజోడు పెట్టి, మంచి కన్నుకు గంటల తరబడి పట్టీ వేసినా ఎంత వస్తుందో మాటివ్వలేనంది. పిల్ల తలొంచుకుని అన్నీ పడింది. నేను దాని సంచీ పట్టుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ చీటీ రాయడం మొదలుపెట్టి సగం పేజీ నింపేదాకా అట్లాగే నిలబడ్డాను.

అప్పుడు చెప్పాను, నేర్పింది నేనని.

“వినపడలేదమ్మా, కాస్త గట్టిగా చెప్పు” అంది డాక్టరమ్మ.

గట్టిగా చెప్పాను. నాకూ ఆ అక్షరాలు కనిపించవని, ఫ్యాక్టరీలో బట్టీ పట్టి నెగ్గుకొస్తున్నానని, పిల్ల నా దగ్గరే నేర్చుకుందని. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు వాళ్ళమ్మ, “ఎవర్రా ఆవిడ?” అని అడగడం వినిపించింది.

పిల్ల డాక్టరమ్మ కొంగు పట్టుకుంది. “నాకు కళ్ళజోడు వద్దు. కంట్లో పెట్టే లెన్సుంటదంట కదా, బయటికి కనపడదంట. అదివ్వండి.”

అది పెద్దయ్యాక చూద్దాంలే, కళ్ళజోడుకు సిగ్గెందుకని అడిగింది డాక్టరమ్మ.

“సిగ్గు కాదు. పెట్టుకుంటే నన్నూ బల్ల దగ్గర్నించి లేపేస్తారు.”

మర్నాడే నన్ను షెడ్డుకు పంపారు. నేను ఎవరి కోసం నోరెత్తలేదో ఆ ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఒకామె తాడు ఉండ నా వైపు దొర్లించి, “ఇప్పుడొచ్చావా మైకక్కా” అంది. మళ్ళీ పలకరించలేదు.

నాలుగో రోజు కళ్ళజోడు వచ్చింది. మంచి కన్నుకు పట్టీ వేసి పంపారు. పిడుగు నా మోచెయ్యి పట్టుకుని, కాలితో ఆసుపత్రి మెట్లు వెతుక్కుంటూ దిగుతోంది. సగంలో ఆగింది.

“నిన్ను బల్ల దగ్గర్నించి లేపేశారంట కదా. నాన్నమ్మ చెప్పింది.”

“లేపేశారు.”

“అయితే నేను అబద్ధం ఆడింది దండగేనా?”

దండగే అంటే ఏడుస్తుంది. కాదంటే మళ్ళీ అదే పాఠం చెప్పినట్టు.

“ఆడించింది నేను” అన్నాను.

అది కంటి మీది పట్టీ సర్దుకుంది. “నువ్వే కదా” అంది. నా మోచెయ్యి వదిలేసి, గోడ పట్టుకుని కింది మెట్టుకు కాలు చాచింది.